గాలిని ముట్టుకున్న పిల్లలు

లండన్ నేషనల్ గ్యాలరీలో జోసెఫ్ రైట్ 1768లో వేసిన పెద్ద తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. రాత్రి వేళ. బల్ల మీద ఒక్క దీపం వెలుగు. జుట్టు నెరిసిన పెద్దమనిషి ఒకాయన గాజు బుడ్డి పైమూత మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బుడ్డిలో తెల్ల కాకటూ పిట్ట రెక్కలు వాల్చేసి ఉంది. కింద ఉన్న పంపు లోపలి గాలిని లాగేసింది. ఆయన మూత తిప్పితే పిట్ట బతుకుతుంది, తిప్పకపోతే చస్తుంది. చుట్టూ కలిగిన కుటుంబం. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలున్నారు. పెద్దది కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నది అక్కను పట్టుకుని భయంభయంగా పైకి చూస్తోంది. తండ్రి పెద్దదాని భుజం చుట్టూ చెయ్యి వేసి, చూడమ్మా అన్నట్టు పిట్ట వైపు వేలు చూపిస్తున్నాడు.

ఆనాటి కలవారి ఇళ్లలో పిల్లలకు గాలి పాఠం ఇలాగే జరిగేది. గాలి ఉంటే ప్రాణం ఉంటుంది, లేకపోతే పోతుంది అని వాళ్లకు బాగానే అర్థమై ఉంటుంది. కానీ ఆ పంపు పిడి పట్టుకోమని, ఆ మూత తిప్పమని ఆ పిల్లలను ఎవరూ అడగలేదు. అడిగే ప్రశ్నే లేదు. గాలి పంపు ఆ కాలపు సైన్సు సామాన్లలో బాగా ఖరీదైన వాటిలో ఒకటి.

విచిత్రమేమిటంటే, అంతకు రెండు వేల రెండొందల ఏళ్ల ముందే ఒక చిన్నపిల్ల గాలితో స్వయంగా ఆడుకున్న ముచ్చట చరిత్రలో నమోదై ఉంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలో ఎంపెడోక్లిస్ అనే తత్వవేత్త ఉండేవాడు. మనిషి ఊపిరి ఎలా తీస్తాడో చెప్పడానికి ఆయన తన పద్యంలో ఒక ఆడపిల్లను తీసుకొచ్చాడు. ఆ పిల్ల చేతిలో ఒక లోహపు పాత్ర. పైన సన్నటి గొట్టం, అడుగున చిల్లులు. జాడీల్లోంచి ద్రాక్షసారా, నీళ్లు తోడుకునే ఇంటి సామాను అది. పైగొట్టాన్ని బొటనవేలితో మూసి పాత్రను నీళ్లలో ముంచితే నీళ్లు లోపలికి రావు. వేలు తీస్తే బుడబుడమంటూ వస్తాయి. నిండాక మళ్లీ వేలు పెట్టి పైకెత్తితే అడుగున అన్ని చిల్లులున్నా చుక్క కారదు. ఖాళీగా కనిపించేది ఖాళీ కాదని ఆ పిల్ల వేలికి తెలిసింది. అరిస్టాటిల్ తన రచనలో ఎత్తి రాయడం వల్ల ఆ పద్యం మనదాకా వచ్చింది. దాన్ని ప్రయోగం అనవచ్చా, ఉత్త పోలికేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఏదన్నా గానీ, పిల్ల మాత్రం ఆడుకుంది. కూల్‌డ్రింకు స్ట్రా పైకొనను వేలితో మూసి, ఒక గుక్కెడు రసాన్ని గ్లాసులోంచి పైకెత్తి చూపించే ఏ పిల్లవాడైనా చేసేది ఆ పనే.

మరి మధ్యలో ఏమైంది? పంపు వచ్చింది. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగర పెద్ద ఒట్టో ఫాన్ గెరిక 1650 ప్రాంతంలో పాత్రలోంచి గాలిని లాగేసే యంత్రం తయారుచేశాడు. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ కోసం రాబర్ట్ హుక్ ఇంకా మెరుగైన దాన్ని కట్టాడు. దానితో చేసిన ప్రయోగాల పుస్తకం 1660లో అచ్చయింది. కీళ్ల దగ్గర గాలి దూరేది. తోలు వాషర్లకు నూనె పట్టిస్తూ, సందులకు లప్పం పెడుతూ మనుషులు దాని వెంట తిరగాల్సి వచ్చేది. మొదటి పదేళ్లలో యూరప్ మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పంపులే ఉండేవి. తర్వాతి శతాబ్దంలో ఊరూరూ తిరిగి టిక్కెట్టు పెట్టి ఉపన్యాసాలిచ్చేవాళ్లు పంపును బండి మీద మోసుకెళ్లేవారు. పిట్టను, ఎలుకను బుడ్డిలో పెట్టి చూపించడం జనానికి ఒళ్లు గగుర్పొడిచేలా ఉందని జేమ్స్ ఫెర్గూసన్ లాంటి ఉపన్యాసకులు ప్రాణుల బదులు ఊపిరితిత్తిలా ఉబ్బే తిత్తిని వాడారు.

ఈ వ్యవహారం మీద ఫిర్యాదు ఎలుక తరఫున కూడా వచ్చింది. మొక్కలు గాలిని బాగుచేస్తాయని 1771లో పుదీనా కొమ్మతోనూ ఎలుకలతోనూ చూపించిన జోసెఫ్ ప్రీస్ట్లీ, ప్రయోగాల కోసం ఎలుకల్ని బోనులో ఉంచేవాడు. ఆయన స్నేహితురాలు ఆనా లెటీషియా ఐకిన్ (పెళ్లయ్యాక బార్‌బోల్డ్) బోనులోని ఎలుకే తనను వదిలిపెట్టమని వేడుకుంటున్నట్టు పద్యం రాసింది. 1773లో అది పుస్తకంలో వచ్చింది. ఎన్నో తరాల ఇంగ్లీషు పిల్లలు దాన్ని వల్లించారు. అంటే గాలి గురించి పిల్లలు బళ్లో నేర్చుకున్నది ఎక్కువగా ఎలుక మీద జాలే.

ఈ కథ మలుపు తిరిగిందని చెప్పుకోదగ్గ చోటు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం ఉపన్యాసాలు పెట్టే ఆనవాయితీ అక్కడ 1825లో మొదలైంది. వాటిని ఎక్కువసార్లు ఇచ్చినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే కొట్లో పనికి కుదిరినవాడు. 1860 డిసెంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం తొలి రోజుల దాకా ఆయన ఒక కొవ్వొత్తిని పట్టుకుని ఆరు ఉపన్యాసాలిచ్చాడు. ఐదో దాంట్లో గాలి వంతు వచ్చింది. ఆయన దగ్గర రాగి సీసా, పంపు, మంచి తక్కెడ అన్నీ ఉన్నాయి. గాలిని తూచి చూపించాడు. ఆ హాల్లో ఉన్న గాలి ఒక టన్నుకు పైనే తూగుతుందని పిల్లలకు చెప్పాడు. (నమ్మశక్యంగా లేకపోతే లెక్క వేసి చూడవచ్చు. లీటరు గాలి బరువు దాదాపు 1.2 గ్రాములు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న మామూలు గదిలో గాలి ముప్పై కిలోలు దాటుతుంది.)

ఆ తర్వాత ఫారడే చేసిన పనే అసలు ముఖ్యం. వీధి కుర్రాళ్లు ఆడుకునే పుల్ల తుపాకీ ఒకటి తీశాడు. సన్నటి గొట్టాన్ని బంగాళాదుంప చెక్కలో గుచ్చి తీస్తే కొసలో ఒక బిళ్ల ఇరుక్కుంటుంది. రెండో కొసను కూడా అలాగే గుచ్చితే మధ్యలో గాలి చిక్కుతుంది. వెనక బిళ్లను పుల్లతో నెడితే ముందు బిళ్ల టప్‌మని ఎగిరిపోతుంది. పుల్ల దాన్ని తాకనే లేదు. మధ్యలో నలిగిన గాలే దాన్ని తోసింది. దేశంలోకెల్లా పేరున్న శాస్త్రవేత్త, దేశంలోకెల్లా పేరున్న ప్రయోగశాలలో, కుర్రాళ్ల జేబులో దొరికే బొమ్మతో గాలి స్థితిస్థాపకతను నిరూపించాడు. హాలు దాటి ఇంటికి పోయిన ప్రతి పిల్లా మర్నాడు వంటింట్లో ఆ పని చేసి చూడగలదు. రైట్ బొమ్మలోని ఆడపిల్లలకు ఆ వీలు లేదు.

ఆ తుపాకీ ఇంగ్లండు సొత్తేమీ కాదు. తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులకు అవతలే ఉన్న బస్తర్‌లో, జగదల్‌పూర్ రథయాత్ర రోజుల్లో, వెదురు గొట్టంతో చేసిన తుపాకీల్లో అడవి కాయలు కూరి ఒకరి మీద ఒకరు పేల్చుకునే ఆచారం ఇప్పటికీ ఉంది. ‘తుప్కీ’ అంటారు దాన్ని. సూత్రం అదే, బంగాళాదుంప బిళ్ల స్థానంలో కాయ. తెలుగు ఊళ్లలో తాటాకు ఫ్యాను కూడా అలాంటి పాఠమే. తాటాకును రెండు పీలికలుగా చీల్చి, అడ్డంగా కలిపి, రెక్కల కొసలు కాస్త మెలితిప్పి, నడుమ తుమ్మముల్లు గుచ్చి జొన్నదంటుకు దిగేస్తారు. ముల్లు రంధ్రం బిగుతైతే తిరగదు, వదులైతే ఊడిపోతుంది. గాలి లేని మధ్యాహ్నం ఫ్యాను కదలదు. అప్పుడు పిల్లవాడు దాన్ని ముందుకు చాచి పట్టుకుని పరుగెత్తుతాడు. తిరుగుతుంది. ఆగితే ఆగుతుంది. గాలి వచ్చి రెక్కకు తగిలినా, రెక్కే వెళ్లి గాలికి తగిలినా ఒకటేనన్న సంగతి ఆ పరుగులో ఉంది. విమానాల నమూనాలను కదలకుండా బిగించి ఎదురుగా గాలి వదిలి పరీక్షించే సొరంగాలు కట్టింది ఈ సంగతి మీదే. సంక్రాంతికి గాలిపటానికి సూత్రం కట్టేటప్పుడు పై దారం ఒక అంగుళం పొట్టి చేస్తే పటం గాలికి ఎంత వాలుతుందో, తోక ఎప్పుడు కావాలో, ఎప్పుడు బరువో హైదరాబాద్ మిద్దెల మీద పదేళ్లవాడు చెప్పగలడు. బళ్లో మాత్రం అతనికి గాలి అంటే రంగు, రుచి, వాసన లేనిది. అంతే రాయాలి.

మన బళ్ల సైన్సు గదుల్లో గాజు గంట, పంపు ఉంటే అద్దాల బీరువాలో ఉండేవి. బీరువాకు తాళం, తాళం హెడ్మాస్టరు దగ్గర. పగిలితే జీతంలో కోస్తారన్న భయం. ఇన్‌స్పెక్షన్ రోజున దుమ్ము దులిపి బల్ల మీద పెట్టేవారు. చేతికి పని పెట్టని ఈ చదువు మీద తిరుగుబాటు 1937లో వార్ధాలో మొదలైంది. గాంధీ ‘నయీ తాలీమ్’ ఆలోచనకు పాఠ్యక్రమం రూపం ఇవ్వడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుసేన్. హైదరాబాదులో 1897లో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయినవాడు. పిల్లల కథలు రాయడంలో ఆయనకు మంచి చెయ్యి. వాటిలో ఒకటి, కట్టెలు కొట్టేవాడి కథ. చలికి వాడు చేతుల మీద ఊదుకుంటాడు, వేడెక్కడానికి. కాసేపటికి ఉడుకుతున్న ఆలుగడ్డల మీద ఊదుతాడు, చల్లారడానికి. చెట్టు చాటునుంచి చూస్తున్న జానెడు మనిషి ఒకే నోటితో వేడీ చల్లదనమూ ఊదే ఈ ప్రాణిని చూసి దడుచుకుని పారిపోతాడు. ఈసప్ కథలకు చుట్టరికమున్న ఈ కథ చాలా ఏళ్ల తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ అయిదో తరగతి పరిసరాల పుస్తకంలో గాలి పాఠమైంది. కథ చదివిన పిల్లలు నోరు తెరిచి అరచేతిపై ఊదాలి, పెదాలు సున్నాలా చేసి ఊదాలి, తేడా చూడాలి. సామాను ఖర్చు సున్నా. తాళం వేయదగ్గదేమీ లేదు.

యుద్ధం కూడా ఒక మేలు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బళ్లూ ప్రయోగశాలలూ నేలమట్టమైన దేశాల టీచర్ల కోసం 1948లో యునెస్కో ఒక చిన్న పుస్తకం వేసింది. కొనడానికి దొరకని పరికరాలను డబ్బాలు, సీసాలు, తీగలతో ఎలా చేసుకోవాలో అందులో ఉంది. రాసింది స్టీవెన్‌సన్ అనే లండన్ బడిపంతులు. దాన్నే పెంచి 1956లో సైన్సు బోధనకు పెద్ద ఆకర గ్రంథంగా తెచ్చారు. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. గాలి పీడనం, వాతావరణం, గాలి దిక్కు చూపే సాధనాలు అన్నీ ఇంటి సరుకుతోనే చేసుకోవచ్చు. శిథిలాల కోసం రాసినా, ఎప్పుడూ ప్రయోగశాలే లేని కొత్త స్వతంత్ర దేశాల బళ్లకు అది ఇంకా బాగా సరిపోయింది.

ఈ దారిలో భారతదేశంలో అందరికంటే దూరం నడిచింది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా. ఇప్పుడు నర్మదాపురం. కాల్‌టెక్‌లో పరిశోధన చేసి టాటా పరిశోధన సంస్థలో ఉద్యోగం చేసిన జీవశాస్త్రవేత్త అనిల్ సద్గోపాల్ ఆ ఉద్యోగం వదిలి పల్లెకు చేరి ‘కిశోర్ భారతి’ అనే సంస్థ పెట్టాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు నడిపే రసూలియా గ్రామీణ కేంద్రంతో కలిసి 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలుపెట్టాడు. ప్రభుత్వ బళ్లు, ప్రభుత్వ టీచర్లు. 1978 నాటికి జిల్లా మొత్తానికీ పాకింది. దాన్ని నడిపించడానికి 1982లో ‘ఏకలవ్య’ సంస్థ పుట్టింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, టాటా పరిశోధకులు సెలవులు పెట్టి వచ్చి బడిపంతుళ్లతో కలిసి నేల మీద కూర్చుని ప్రయోగాలు చేసేవారు. ప్రొఫెసరు చేసిన ప్రయోగం పాడైతే పంతులు నవ్వేవాడు. హోదాలు తారుమారు కావడం ఈ దేశంలో చిన్న విషయమేమీ కాదు.

పిల్లల చేతికిచ్చిన ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకంలో సమాధానాలు ఉండేవి కావు. చేయాల్సిన పనులూ, అడగాల్సిన ప్రశ్నలూ ఉండేవి. నలుగురేసి పిల్లలు జట్లుగా కూర్చుని, కిట్టు పెట్టె ముందేసుకుని చేసి, చూసి, రాసుకునేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు. ప్రయోగ పరీక్షకూ మార్కులుండేవి. టీచరుకు తెలియని ప్రశ్న వస్తే ‘సవాలీరామ్’కు ఉత్తరం రాసేవారు. అలాంటి మనిషి ఎక్కడా లేడు. పిల్లల ప్రశ్నలకు జవాబు రాయడానికి ఏకలవ్య జట్టు పెట్టుకున్న పేరు అది. ఉత్తరాలు మాత్రం నిజంగానే కట్టలకొద్దీ వచ్చాయి.

కాన్పూర్ ఐఐటీలో చదివి పుణె టెల్కోలో లారీలు తయారుచేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి అక్కడికి వచ్చాడు. వారపు సంతలో, సైకిలు కొట్లలో ఆయన కంట పడింది వాల్వు ట్యూబు. సైకిలు చక్రంలో కొట్టిన గాలి వెనక్కి పోకుండా ఆపే సన్నటి రబ్బరు గొట్టం అది. దాన్ని చిన్న ముక్కలుగా కోసి అగ్గిపుల్లలకు కీళ్లుగా వాడి త్రిభుజాలు, పెట్టెలు, ఇళ్లు కట్టించాడు. అదే వాల్వు ట్యూబు అసలు పని కూడా పిల్లలకు మంచి పాఠమే. గాలి లోపలికి పోయేటప్పుడు రబ్బరు ఉబ్బి దారి ఇస్తుంది, వెనక్కి రాబోతే లోహపు గొట్టానికి అతుక్కుని దారి మూస్తుంది. గాలి పంపు కట్టేవాళ్లకు కావలసింది ఇదే. పారేసిన ఫోటో రీలు డబ్బాలు రెండు, పాత సైకిలు ట్యూబు ముక్క, సన్నటి గొట్టం, కవాటానికి అంటుకునే టేపు ముక్క ఉంటే బుడగను ఊదే పంపు తయారవుతుందని గుప్తా పుస్తకాలు, వీడియోలు చూపించాయి. వాటిలో చాలా తెలుగులోకీ వచ్చాయి. ఐఐటీ మద్రాసు ఆచార్యుడు శ్రీనివాస చక్రవర్తి ఆ పని చేసినవారిలో ముఖ్యుడు. గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఇదంతా జరుగుతున్న చోటికి దగ్గర్లోనే, 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక, భోపాల్ గాలిలో మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు కలిసింది. ఆ వాయువు గాలికంటే బరువు. నేలను పట్టుకుని గుడిసెల్లోకి పాకింది. ఎటు పరుగెత్తాలో చెప్పే దిక్కు లేక వేలమంది గాలి వీచే వైపే పరుగెత్తారు. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోండి, గాలికి అడ్డంగా పరుగెత్తండి అని చెప్పే మైకు ఒక్కటి కూడా మోగలేదు. బాధితుల కోసం తర్వాత సాగిన పోరాటంలో సద్గోపాల్ కూడా ఉన్నాడు.

తెలుగు నేల మీద చేతులతో నేర్చే చదువు ప్రభుత్వ దారిలోనే ఎక్కువగా వచ్చింది. బ్రిటిష్ సాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత అన్ని జిల్లాలకూ పాకిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం టీచర్లకు ఆరు సూత్రాలు నేర్పింది. చేస్తూ, కనుక్కుంటూ నేర్చుకోవడం వాటిలో ఒకటి. చుట్టుపక్కల దొరికేది వాడుకోవడం ఇంకొకటి. తరగతి గదుల్లో గోడ నుంచి గోడకు తీగ కట్టి పిల్లలు చేసినవి వేలాడదీసే అలవాటు ఆ రోజుల్లోనే వచ్చింది. పథకం డబ్బు 1990లలో ఆగిపోయాక సూత్రాలు శిక్షణ పుస్తకాల్లో మిగిలాయి, తీగలు కొన్ని బళ్లలో మిగిలాయి. మరోవైపు 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ మాసపత్రికతోనూ, అదే పేరున్న పోటీలతోనూ పల్లెబడుల దాకా పోయింది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గరి గుట్టల్లో ప్రయోగశాలలు కట్టింది. ప్రయోగాల సామాను వ్యాన్లలో ఎక్కించి ఊళ్లకు పంపింది. మూడు వందల ఏళ్ల కింద గాలి పంపును బండి మీద తిప్పినవాళ్లు టిక్కెట్టు తీసుకునేవారు. ఇక్కడ టిక్కెట్టు లేదు, సామాను పిల్లల చేతికే ఇస్తారు.

హోషంగాబాద్ కార్యక్రమాన్ని మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2002లో ఆపేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు, పదిహేను దాకా జిల్లాలు. రాష్ట్రమంతటా ఒకే పుస్తకం ఉండాలన్నది చెప్పిన కారణం. బడిలో గాలి మళ్లీ రంగు, రుచి, వాసన లేనిదయింది.

చేత్తో చేసినంత మాత్రాన నిజం తెలిసిపోతుందనుకుంటే అదీ పొరపాటే. ఒక ప్రయోగం దీనికి సాక్ష్యం. పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది, గ్లాసులో నీళ్లు పైకెక్కుతాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు గ్రీకు ఇంజనీరు ఫిలో నుంచీ ఇది ఉంది. గ్లాసులోని ఆక్సిజన్ కాలిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి, అయిదో వంతు ఎక్కాయి కాబట్టి గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ అని తరతరాలుగా పాఠాలు చెబుతున్నాయి. తెలుగు బళ్లలోనూ ఈ జవాబుకు మార్కులు పడుతూనే ఉన్నాయి.

దగ్గర కూర్చుని చూసిన పిల్ల ఇంకొన్ని చూస్తుంది. గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి బుడగలు బయటికి వస్తాయి. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. ఆరిపోయాకే గబుక్కున పైకెక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చే కారణమైతే మంట మండుతున్నప్పుడే ఒక్కొక్క గీతా ఎక్కుతూ పోవాలి. నిజానికి మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది. ఆ బుడగలు అవే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంది, బయటి గాలి నీళ్లను లోపలికి తోసింది. పైగా కొవ్వొత్తి ఆక్సిజన్ అంతా అయిపోయాక ఆరదు. చాలా మిగిలి ఉండగానే ఆరిపోతుంది. ఖర్చయిన దానికి బదులుగా కార్బన్ డయాక్సైడు వచ్చి చేరుతుంది.

ఈ తగవు తీర్చడానికి పంపూ గాజు గంటా అక్కర్లేదు. అదే పళ్లెం, అదే గ్లాసు. ఈసారి ఒకటికి బదులు రెండు కొవ్వొత్తులు, తర్వాత నాలుగు. గ్లాసు మీద ప్రతిసారీ నీళ్లు ఎక్కిన చోట పెన్నుతో గీత గీయాలి. గ్లాసులో పట్టే ఆక్సిజన్ మూడుసార్లూ అంతే, గీతలు మాత్రం ఒకదాని మీద ఒకటి పైకి పోతాయి.